అమావాస్య కచేరీలు

మా ధర్మవరంలో మగ్గాలకు అమావాస్య సెలవు. నెల పొడుగునా తెల్లారింది మొదలు పొద్దు గూకేదాకా వీధి వీధంతా టకటకలాడుతూనే ఉంటుంది గానీ, ఆ ఒక్కరోజు ఎవరూ మగ్గం కింది గుంతలోకి కాలు దించరు. పొద్దున్నే మగ్గం దులిపి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి వదిలేస్తారు. ఆ రోజు బయటి ఊరివాళ్ళెవరైనా మా వీధికొస్తే ఎవరో పోయారేమో అనుకుంటారు, అంత నిశ్శబ్దం. చప్పుడుకు అలవాటుపడిన మా చెవులకు ఆ నిశ్శబ్దమే హోరు. అమావాస్యంటే లోకమంతా భయపడుతుంది. నాకు మాత్రం విసుగు. ఏం చేయాలో తోచేది కాదు.

ఆ విసుగు డెబ్భైల నడుమ పోయింది. అనంతపురంలో గడియారస్తంభం దాటాక ఒక సందులో, శనక్కాయల వ్యాపారి ఒకాయన కట్టించిన మేడ ఉండేది. కింద కొట్లు, పైన హాలు. పెళ్ళిచూపులకు, నిశ్చితార్థాలకు, బారసాలలకు అద్దెకిచ్చేవాడు. అమావాస్య రోజు ఎవరడుగుతారు? తాళమే. ఉద్యోగం చాలించి ఇంట్లో కూర్చున్న వయొలిన్ మాస్టారు ఒకాయన ఈ వ్యాపారి దగ్గరికి పోయి, "ఊరికే మూసిపెట్టి దయ్యాలకిచ్చే బదులు మాకియ్యప్పా, నాలుగు పాటలు పాడుకుంటాం" అన్నాడట. వ్యాపారి నవ్వి తాళంచెవి ఇచ్చాడు. అమావాస్య కచేరీలు అట్లా మొదలయ్యాయి.

మంచిరోజుల్లో వేదిక దొరకని వాళ్ళంతా అక్కడికి వచ్చేవాళ్ళు. గొంతు బాగుండి తాళం నిలవనివాళ్ళు, తాళం నిలిచి గొంతు లేనివాళ్ళు, పెద్ద సభల్లో ఎవరూ పిలవని హార్మోనియం వాయించే తాలూకాఫీసు గుమస్తా, బొమ్మను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడించే కల్యాణదుర్గం ఆయన, బళ్ళారి నుంచి కన్నడంలో సగం తెలుగులో సగం జోకులేసే జంట. కూడేరు వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చి, తంబురా లేకుండా, కళ్ళు మూసుకుని తత్త్వాలు పాడేది. ఆమె పాడేటప్పుడు ఫ్యాను తిరిగినా అడ్డమేనని మాస్టారు ఫ్యాన్లు ఆపించేవాడు. ఎండాకాలంలో చెమటతో తడిసి ముద్దయినా ఒక్కరూ లేచేవాళ్ళు కాదు.

అనంతపురం ఊరివాళ్ళకు మొదట్లో ఆ రోజున గడప దాటడానికి జంకు. మాకు జంకేముంది? మాకది సెలవు. అందుకని ఆ హాలు నిండేది మా ధర్మవరం మగ్గాలవాళ్ళతోనే. మధ్యాహ్నం రైలుకు పోయి, చీకటి పడేలోగా ప్యాసింజరుకు తిరిగొచ్చేవాళ్ళం. ఆ రైలును చూసుకునే మాస్టారు కచేరీ మొదలుపెట్టేవాడు, ముగించేవాడు. ఒకసారి ఆలాపన మధ్యలో ఉన్న గాయకుడి భుజం తట్టి, "నాయనా, బండి టైమయింది, తొందరగా కిందికి దిగు" అన్నాడు. పాపం, ఆ పిల్లవాడు పైస్థాయిలో ఉన్నవాడు ఉన్నట్టుండి కిందికి దూకాడు.

మా నాయన ఒక్క అమావాస్య కూడా మానింది లేదు. నన్ను, మా అన్నను వెంటబెట్టుకుని పోయేవాడు. అమ్మ రాదు. "మగ్గానికి దీపం పెట్టినాక ఇంట్లో ఎవురో ఒకరుండాల" అనేది. అసలు సంగతి, నెలకొకసారైనా మా ముగ్గురి పీడ విరగడై ఒంటరిగా కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఆమెకు పెద్ద కచేరీ.

నాయన సంగతి చెప్పాలి. ఆయన ఎప్పుడూ ముందు వరసలో, తుండుగుడ్డ ఒళ్ళో పరుచుకుని కూర్చుంటాడు. చప్పట్లు కొట్టడు. నవ్వడు. బళ్ళారి జంట జోకులకు హాలంతా పొట్టలు పట్టుకుని పొర్లుతుంటే ఈయన వాళ్ళ చెప్పుల వైపు చూస్తుంటాడు. ఎందుకు నవ్వవని అడిగితే, "నేను నవ్వితే వాడు ఇంతే సాల్లే అనుకుంటాడు" అనేవాడు. తిరుగు రైల్లో మాత్రం నోరు విప్పేవాడు. పాడినవాళ్ళందరినీ మగ్గం మీదికి ఎక్కించేవాడు. ఒకడిది పడుగు గట్టిదే గానీ పేక పలచన అనేవాడు. ఇంకొకడు జరీ అంతా కొంగుకే పెట్టి ఒళ్ళంతా వెలవెలబోయేట్టు చేసినాడనేవాడు. ముసలమ్మ గురించి మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆమె పాడిన రోజు కిటికీలోంచి ఎండిన చెరువులను చూస్తూ ఇంటిదాకా వచ్చేవాడు.

మా ఇంట్లో రెండు మగ్గాలు పక్కపక్కనే. ఒకటి నాయనది, ఒకటి అన్నది. నేను కండెలు చుట్టేదాన్ని, అంటే నేతలో అడ్డంగా పోయే పేక పట్టుదారాన్ని చిన్న చిన్న గొట్టాలకు చుట్టి అందివ్వడం నా పని. అన్న చేతులు మగ్గం మీద ఉంటే నోరు ఇంకెక్కడో ఉండేది. రాయదుర్గం బస్సు కండక్టరు కేకలు, చీరలు కొలిచే షావుకారు దగ్గు, ప్యాసింజరు రైలు మలుపులో మూలగడం, మేకలు తోలుకుపోయేవాడి నాలుక చప్పుడు, అన్నీ వాడి నోట్లోంచి వచ్చేవి. నేను నవ్వాపుకోలేక కండెలు వదిలేసి బయటికి పరుగెత్తేదాన్ని.

నాయన అప్పటికి తన నేత తాను నేస్తూనే ఉండేవాడు. చీర మగ్గం మీంచి దించి మడత పెట్టేటప్పుడు చూపుడువేలుతో పువ్వుల బుటాలను తడుముతూ పోయి ఒక చోట ఆగేవాడు. నేసేవాడి ధ్యాస తప్పితే పోగును బిగించే పలక దెబ్బ బిగువు తప్పుతుంది. బిగువు తప్పితే పువ్వు పొట్టిదైపోతుంది, లేకపోతే సాగిపోతుంది. "ఈ పువ్వు నేసింది నువ్వు కాదు, బస్సు కండక్టరు" అనేవాడు నాయన. ఇంకో జానెడు పైకి పోయి, "ఈడ మేకలోడు నేసినాడు" అనేవాడు. ఒక్కసారి కూడా తప్పింది లేదు. అన్న తల దించుకునేవాడు. నాకు మళ్ళీ నవ్వొచ్చేది.

నవ్వులాట ఒక రోజుతో అయిపోయింది. బళ్ళారి ఆర్కెస్ట్రావాళ్ళు కొందరు ఆ నెల కచేరీకి వచ్చి అన్నను చూశారు. కచేరీ అయ్యాక హాలు మెట్ల మీద వాడు మాస్టారు దగ్గును మాస్టారుకే వినిపిస్తుంటే విని, మాతో వస్తావా అని అడిగారు. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మగ్గం ఆపి, గుంతలో నిలబడే అడిగాడు.

"నాయనా, నన్ను ఆర్కెస్ట్రాలోకి పిలుస్తాండారు. పాటకూ పాటకూ నడుమ మిమిక్రీ చేయాలంట."

నాయన నేత ఆపలేదు. "పాటకూ పాటకూ నడుమ జనాలు ఒంటికి పోతారు గదరా. ఎవురికి చేస్తావు?"

"నవ్వులాటగా తీసుకోవద్దు నాయనా. ఈ గుంతలో ఉంటే నేను సచ్చిపోతా."

అప్పుడు నాయన మగ్గం ఆపాడు. ఆయన మగ్గం పనివేళల్లో ఆగితే పక్కింటివాళ్ళు కూడా తొంగి చూస్తారు. చాలాసేపు అన్నను చూశాడు. తన తాత దిగిన గుంత అది. రెండు మగ్గాలు ఆడితేనే మా ఇంట్లో పొయ్యి సరిగా వెలిగేది. ఇవన్నీ ఆయన మొహంలో నాకు కనిపించాయి గానీ నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"వచ్చే అమావాస్యకు మాస్టారు హాల్లో ఎక్కు. నేను ముందర కూర్చుంటా. నాకు నవ్వొచ్చిందా, బళ్ళారికి పో. రాలేదా, పాడ్యమి పొద్దున గమ్మున గుంతలోకి దిగు. ఇంగ ఈ జన్మలో ఆ మాట ఎత్తగూడదు."

ఆయనకు నవ్వు రావడమా! మా జిల్లాలో వాన మీద పందెం కాయడం లాంటిది అది. అమ్మ వంటింట్లోంచి గరిటతోనే బయటికొచ్చింది. "పిల్లోని మీద కోపముంటే రెండు తిట్టు. ఇట్ల మోసం చేసేదేమి?" అంది. నాయన మళ్ళీ నేత మొదలుపెట్టాడు. అన్న మాత్రం సరేనన్నాడు. వాడి కళ్ళు చూస్తే నాకు ఏడుపొచ్చింది. వాడి బతుకంతా ఒక మనిషి పెదాల మీద పెట్టి కూర్చున్నాడు, ఆ పెదాలేమో ఎన్నడూ కదలనివి.

ఆ అమావాస్య బాగా గుర్తుంది. హాలు కిక్కిరిసింది. పందెం సంగతి మా వీధి మొత్తానికి తెలుసు కదా. ఆడవాళ్ళకు హాల్లో ఎడమపక్క చాపలు, మగవాళ్ళకు కుర్చీలు. ఆడవాళ్ళం నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకోవాలి. ఈలలు, కేకలు, 'వన్స్ మోర్'లు మగవాళ్ళ సొత్తు. ఒక ఆడమనిషి గొంతు ఆ హాల్లో వినపడిందంటే అది వేదిక మీది నుంచి వచ్చిందే అయి ఉండాలి.

అన్న కండక్టరుతో మొదలుపెట్టాడు. "రాయదుర్గం, రాయదుర్గం, బన్ని బన్ని, రాండి రాండి, ముసిలాయప్పా కోడిని ఒళ్ళో పెట్టుకో, దానికి టికెట్ లేదు!" హాలు ఊగిపోయింది. నాయన అన్న చెప్పుల వైపు చూస్తున్నాడు. షావుకారు వచ్చాడు, దగ్గాడు, చీరలో లేని తప్పు వెతికాడు. మా వీధివాళ్ళు కుర్చీల మీంచి కింద పడ్డారు. నాయన తుండుగుడ్డ సర్దుకున్నాడు. ప్యాసింజరు వచ్చింది, మేకలు వచ్చాయి, కల్యాణదుర్గం ఆయన బొమ్మ కూడా వచ్చి పోయింది. నాయన పెదాలు అట్లాగే ఉన్నాయి. అన్న నుదుటి మీద చెమట నాకు చాప మీది నుంచే కనిపిస్తోంది. వాడి దగ్గర ఉన్నవన్నీ అయిపోయాయి అనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకున్నది ఈసారి నవ్వాపుకోవడానికి కాదు.

వాడు కుర్చీ ముందుకు లాక్కుని దాని అంచున కూర్చున్నాడు. కాళ్ళు గుంతలో ఉన్నట్టు కిందికి వేలాడేశాడు. చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మగ్గం మొదలుపెట్టాడు.

ఇంట్లో వాడు ఎన్నడూ మగ్గాన్ని అనుకరించలేదు. మగ్గం ముందు కూర్చుని మగ్గం చప్పుడు చేయడమెందుకు? అక్కడ, ఆ హాల్లో, మొదటిసారి విన్నాను. కాలి కింది చెక్క కిర్రుమంది. పేకను మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి టక్కుమంది. పలక వచ్చి దబ్బుమని పోగును బిగించింది. కిర్రు, టక్కు, దబ్బు. ఊరికే ఏదో మగ్గం కాదు. మా ఇంటి మగ్గం. కాసేపటికి దాని వెనకాల రెండోది కూడా కలిసింది, కొంచెం నిదానంగా, అది నాయనది. ఒక్క నోట్లోంచి రెండు మగ్గాలు ఎట్లా వచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

హాల్లో ఎవరూ నవ్వడం లేదు. కుర్చీల కింద చూశాను. మా వీధివాళ్ళ కాళ్ళు కదులుతున్నాయి. ఒక్కొక్కరి కుడికాలు దిగుతోంది, ఎడమకాలు లేస్తోంది, ఆ సంగతి వాళ్ళెవరికీ తెలియదు. నాయన కాళ్ళు కూడా కదులుతున్నాయి. కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు అన్న నాయన మొహం వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. భయంతో ఊపిరి తప్పింది. టక్కుమనాల్సిన చోట గాలి తుస్సుమని పోయింది. పడుగులోని నిలువు పోగు తెగి పక్కవాటికి చుట్టుకుంటే నాడె సాఫీగా పోలేక అచ్చం అట్లాగే అంటుంది.

"రేయ్, పోగు తెగింది! ఆపు!"

అరిచింది నాయన. కళ్ళు మూసుకునే, కుర్చీలోంచి సగం లేచి, పక్క మగ్గం మీది కొడుక్కి రోజూ చెప్పే గొంతుతో అరిచాడు.

వేదిక మీద అన్న ఏం చేశాడో చూడండి. చప్పున కాలు ఎత్తేశాడు. ముందుకు వంగాడు. వేలికొనలు నాలుక మీద తడి చేసుకుని, గాలిలో లేని పోగును పట్టుకుని, మెలిపెట్టి ముడేశాడు. తల ఎత్తాడు. అప్పుడు గానీ తండ్రికీ కొడుక్కీ తామెక్కడున్నారో తెలిసిరాలేదు.

హాలు పగిలిపోయింది. మావాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. అనంతపురం గుమస్తాలు, ఏమైంది, ఏం తెగింది అని పక్కవాళ్ళను గోకుతున్నారు. నవ్వనివాళ్ళు ఇద్దరే. అన్న బిగుసుకుపోయి నిలబడ్డాడు. నాయన తుండుగుడ్డ తల మీద కప్పుకుని కూర్చున్నాడు.

తిరుగు రైల్లో అన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు. నాయన ఆ రోజు ఎవరినీ మగ్గం ఎక్కించలేదు. వాడు ఓడిపోయాడు, అది వాడికీ నాకూ తెలుసు. నాయనకు నవ్వు రాలేదు.

పాడ్యమి పొద్దున అన్న మొహం కడుక్కుని, మాట ప్రకారం గుంత దగ్గరికి పోయాడు. వాడి గుంతలో నాయన కూర్చుని ఉన్నాడు. వాడు సగం నేసి వదిలిన చీరను సరిచూసుకుంటున్నాడు.

"అది నా మగ్గం నాయనా" అన్నాడు అన్న.

"నాకు నవ్వు రాలేదు."

"తెలుసు. అందుకే వచ్చినా."

"నవ్వొచ్చింటే మాట ప్రకారం పొమ్మందును, అంతే. నవ్వు ఎవుడైనా తెప్పిస్తాడు, అదేం పెద్ద యవ్వారమా. నేను హాల్లో ఉండానన్న సంగతే మర్సిపోయినా. నన్ను అట్ల మరిపించినోడు ఇంతవరకూ ఎవుడూ లేడు." కాసేపు పోగులు సర్దాడు. "ఈ చీర నేను దించుతా. నువ్వు పో."

అన్న ఏడ్చాడు. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడవబోతుంటే నాయన నా వైపు తిరిగి, "పాపా, నువ్వు నా గుంతలో కూర్చో" అన్నాడు.

నన్ను ఎవరూ అడగలేదు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా కొంచెం మంటగానే రాస్తున్నాను. వాడికి పందెం పెట్టారు, హాలు పెట్టారు, వీధంతా వచ్చి చూసింది. నాకు గుంత చూపించారు. మా వీధిలో అప్పట్లో ఆడవాళ్ళు కండెల దగ్గరే గానీ పెద్ద మగ్గం మీద కూర్చునేవాళ్ళు తక్కువ. ఎదురింటావిడ, "కొడుకు చిందులెయ్యను పోయినాడు, కూతుర్ని గుంతలో దింపినారు" అని వీధి కుళాయి దగ్గర అనేసింది. మొదటి నెలల్లో నా పిక్కలు రాళ్ళయ్యాయి. అన్న ఎగిరిపోయింది నా కాళ్ళ మీద నిలబడి కదా అని ఒళ్ళు మండేది. కానీ మొదటి చీర దించిన రోజు నాయన వేలు బుటాల మీద మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా పోయింది. నేను ఆ మగ్గాన్ని మరి వదల్లేదు, నాయన అన్న మగ్గం మీదే ఉండిపోయాడు. అక్కసు పోయిందని చెప్పను, ఇష్టం కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది.

కొన్ని నెలలకు అన్న మళ్ళీ అమావాస్య హాలుకు వచ్చాడు. ఈసారి బళ్ళారి చొక్కా, బళ్ళారి క్రాపు. చివర్లో మగ్గం మొదలుపెట్టాడు. నాయన అరుపు సంగతి అప్పటికి ఊరంతా తెలుసు. జనం దానికోసమే వచ్చారు. అన్న సరిగ్గా అదే చోట ఊపిరి తప్పించాడు. తల ఎత్తి ముందు వరసలోకి చూశాడు. హాలంతా చూసింది. నాయన తుండుగుడ్డ మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు. అన్న మళ్ళీ తప్పించాడు. ఎవరో వెనక నుంచి, "అరువు పెద్దాయనా!" అన్నారు. నాయన అరవలేదు. అన్న ఏదో సర్దుకుని దిగిపోయాడు గానీ వాడి మొహంలో నెత్తురు లేదు.

"ఒక్క మాట అనింటే ఏం పోయింది నాయనా?" రైల్లో అడిగాడు.

"ఆ పొద్దు తెగింది. ఈ పొద్దు నువ్వు తెంపినావు. నా చెవికి తెలీదా?"

అన్న మరి చాలా ఏళ్ళు మగ్గం జోలికి పోలేదు. మిగతావి చేసేవాడు, ఆర్కెస్ట్రాల్లో, బళ్ళ వార్షికోత్సవాల్లో, వినాయకచవితి పందిళ్ళలో. పెద్ద పేరేమీ రాలేదు. బతుకు గడిచింది. బెళుగుప్పలోనో వజ్రకరూరులోనో ఎక్కడ పందిరేసినా వాడి గొంతు వినపడేది.

నేనూ నాయనా కచేరీలు మానలేదు. మా వీధి చివరింటి మగ్గాలాయన్నే పెళ్ళి చేసుకున్నాను కాబట్టి అమావాస్యా పోలేదు, నాయన ఇంటి మగ్గమూ పోలేదు. ఆ హాలు నాకెందుకంత ఇష్టమని ఇప్పుడు ఆలోచిస్తాను. పెద్ద సభల్లో పాట మైకులోంచి వస్తుంది. అక్కడ మనిషిలోంచి వచ్చేది. పాడేవాడు మింగిన గుటక వినపడేది, తప్పు పోయినప్పుడు వాడి చెవులు ఎర్రబడడం కనపడేది. వాడు తప్పితే మన గుండె కూడా తప్పేది. ఎదురుగా ఉన్న మనిషి ఒంటరిగా ఒక పని చేస్తుంటే దగ్గర కూర్చుని చూడటం మగ్గాలవాళ్ళకు తెలిసిన సంగతే. బహుశా అందుకే మాకు ఆ హాలు అంత కుదిరింది.

వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. చేలలో శనక్కాయ పండకపోతే పెళ్ళిళ్ళు ఆగుతాయి, పెళ్ళిళ్ళు ఆగితే మా చీరలు షావుకారు బీరువాలోనే ఉంటాయి. మగ్గాలు అమావాస్య కాకుండానే ఊరకుండిపోయేవి. అట్లాంటి ఏడాది కోస్తా వైపు నుంచి హాస్యం చెప్పడానికి వచ్చిన ఒకాయన, "మీ ఊళ్ళో గొడుగులు అమ్మేవాడికి పిల్లనెవరిస్తారండీ?" అని మొదలుపెట్టాడు. ఒక్కరు కదల్లేదు. ఆయన చెమటలు కక్కాడు. అప్పుడు నాయన చేసిన పని నన్ను ఆశ్చర్యపెట్టింది. ఒళ్ళోని తుండుగుడ్డ పక్కన పెట్టి, మెల్లగా రెండు చప్పట్లు కొట్టాడు. "పాపం, ఊరుగాని ఊరు వచ్చినాడు" అన్నాడు నాతో తర్వాత. ఆయన నా ఎదుట కొట్టిన చప్పట్లు అవే.

ఎనభైలు ముదిరేసరికి ఇళ్ళల్లోకి టీవీలొచ్చాయి. హాలు కింది కొట్టులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్ళు. వయొలిన్ మాస్టారు చేతులు వణికేవి. శనక్కాయల వ్యాపారి కొడుకు హాలుకు అడ్డగోడలు కట్టి లాడ్జి చేస్తానన్నాడు. ఆ ఏడు ఎండాకాలంలో నాయన పోయాడు. మధ్యాహ్నం నేత ఆపి, నీళ్ళు తాగి, గోడకు ఆనుకున్నాడు, అంతే. మగ్గం మీద చీర సగంలో ఉంది. అమ్మ దాని మీద నాయన పాత పంచె కప్పింది. నేను పక్కనే నా మగ్గం నేసుకునేదాన్ని గానీ ఆ పంచె తీయడానికి చేయి రాలేదు. ఆ ఇంట్లో నా ఒక్క మగ్గం చప్పుడే మిగిలింది.

హాలు అడ్డం కట్టే ముందు ఆఖరి అమావాస్య కచేరీ పెట్టారు. పాతవాళ్ళందరినీ పిలిచారు. అన్న వచ్చాడు, జుట్టు అక్కడక్కడా నెరిసింది. అమ్మ కూడా మొదటిసారి వచ్చింది. నేనూ అమ్మా ఎడమపక్క చాప మీద కూర్చున్నాం. కుర్చీల్లో మనుషులు పలచగా ఉన్నారు. ముందు వరసలో నాయన కూర్చునే కుర్చీలో ఎవరో తెలియక కూర్చుంటే మాస్టారు పోయి లేపాడు.

కండక్టరు వచ్చాడు, రైలు వచ్చింది, జనం మర్యాదకు నవ్వారు. తర్వాత అన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కాళ్ళు కిందికి వేలాడేశాడు.

ఈసారి రెండు మగ్గాలు లేవు. ఒక్కటే. నిదానంగా, కాలి చెక్క కిర్రుమనే ముందు ఒక చిన్న ఆగుడుతో. మోకాలి నొప్పి మొదలయ్యాక నాయన మగ్గం అట్లా ఆగేది. వాడు ఇంట్లో లేని ఏళ్ళలో వచ్చిన ఆగుడు అది. ఎప్పుడు విన్నాడో, ఎన్నిసార్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విని పోయాడో. అమ్మ నా చేయి పట్టుకుంది. కిర్రు, టక్కు, దబ్బు. నా కాళ్ళు చాప మీద కదులుతున్నాయి. నాయన ఇంట్లో పక్కనే ఉన్నాడు, నేను నేసుకుంటున్నాను, అంతే, ఇంకేమీ జరగలేదు.

టక్కుమనాల్సిన చోట గాలి తుస్సుమంది.

"పోగు తెగిందన్నా! ఆపు!"

ఆ గొంతు నాదని చుట్టూ తిరిగి చూస్తున్న మొహాలను బట్టి తెలిసింది. హాల్లో ఒక ఆడమనిషి అంత పెద్దగా అరవడం అదే మొదలు, అదే ఆఖరు. ఎవరూ నవ్వలేదు. అన్న కాలు ఎత్తేశాడు. ముందుకు వంగాడు. వేలికొనలు నాలుక మీద తడి చేసుకున్నాడు గానీ లేని పోగు దొరకలేదు. చాలాసేపు వెతికాడు. ఎట్లాగో ముడేసి, తల ఎత్తకుండానే దిగిపోయాడు.

మెట్ల మీద నా కోసం ఆగి ఉన్నాడు.

"కావాలని అరిచినావా పాపా?"

"కావాలని తెంపినావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. మేమిద్దరం అమ్మ ముందరే, దిగేవాళ్ళకు అడ్డంగా నిలబడి ఏడ్చాం. వాడి మీద నాకున్న పాత అక్కసు ఆ మెట్ల మీదే దిగిపోయింది.

మరునాడు పాడ్యమి. పొద్దున నేను పోయేసరికి అన్న నాయన గుంతలో ఉన్నాడు. పంచె మడత పెట్టి పక్కన పెట్టుకున్నాడు. "ఈ చీర నేను దించుతా" అన్నాడు. నేను నా మగ్గంలోకి దిగాను. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో రెండు మగ్గాలు ఆడాయి. వాడి చేయి మర్చిపోయింది, ఊరికే తడబడేవాడు. వారం పదిరోజులు పట్టింది. ఆ పదిరోజులూ నోటితో ఒక్క చప్పుడూ చేయలేదు.

చీర దించి ఇద్దరం చెరో కొస పట్టుకుని మడత పెట్టాం. నేను చూపుడువేలుతో బుటాలను తడుముతూ పోయాను. నాయన నేసినంత మేరా పువ్వులన్నీ ఒక్కటే కొలత. ఆయన ఆగిన చోటు దాటాను. తర్వాతి పువ్వు పొట్టిగా ఉంది.

"ఈడ బస్సు కండక్టరు నేసినాడు" అన్నాను.